మంజూరైన నాలుగు మిషన్లు

శాసనసభ్యుల ఆఫీసు అనగానే పెద్ద మేడ, మెట్ల మీద తివాచీ, గుమ్మంలో తుపాకీ పట్టుకున్న మనిషి అని ఊహించుకుంటారు, ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టనివాళ్లు. ఈ ఆఫీసు మొత్తం కలిపి రెండు గదులు. సభ్యుడు గారు రాజకీయాల్లోకి రాకముందు అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే షాపు నడిపేవారు. ఆ షాపు గోడౌనుకే సున్నం కొట్టి, ఫ్యాన్లు బిగించి, గోడకు నియోజకవర్గం పటం తగిలించి ఆఫీసు అన్నారు. రబ్బరు వాసన మాత్రం ఎన్ని సున్నాలు కొట్టినా పోలేదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది కాగితాలకు కూడా పడుతుంది. జనం ఆయన్ని ఎదురుగా ‘సార్’ అంటారు, వీపు తిప్పగానే ‘టైర్ల సారు’ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పట్టించుకోరు.

ముందు గదిలో కిటికీ పక్కనున్న బల్ల ఉత్తరాలక్కయ్యది. ఆవిడ అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది, అక్కడ తప్ప ఇంకెక్కడా వినపడదు. పందొమ్మిదేళ్లుగా ఈ నియోజకవర్గపు శాసనసభ్యుడి ఉత్తరం రాస్తున్నది ఆవిడే. ఈలోగా ముగ్గురు సభ్యులు మారారు, రెండు పార్టీలు మారాయి, ఆఫీసు మూడు చోట్లకు మారింది. ఉత్తరం మారలేదు, అక్కయ్యా మారలేదు. కొత్తగా గెలిచినాయన ఎవరైనా సరే, మొదటి వారం గంభీరంగా ‘నా మాటలు నేనే రాసుకుంటానమ్మా’ అంటారు. రెండో వారం ఆవిడ బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుంటారు.

ఆ ఉత్తరం ఏడాదికి రెండుసార్లు, శాసనసభ సమావేశాలు ముగిశాక ఇంటింటికీ వెళ్తుంది. నాలుగు పేజీలు, మూడు మడతలు. మొదటి పేజీలో పన్నుల కబురు: ఏ పన్ను తగ్గింది, ఎవరికి తగ్గింది, ఏ కాగితం పట్టుకుని ఏ కిటికీ దగ్గర నిలబడాలి. పేజీ తిప్పితే ‘మన ప్రాంతపు ప్రాధాన్యాలు’ అని పది అంశాలు. జనం మొదటి పేజీని కళ్లతో చదువుతారు, రెండో పేజీని వేలు పెట్టి చదువుతారు. తమ వీధి కల్వర్టు, తమ బడి ప్రహరీ, తమ మార్కెట్టు కప్పు ఎన్నో నంబరులో ఉందో వెతుక్కోవడానికి.

ఈ రెండో పేజీకి ఒక పద్ధతి ఉంది. అక్కయ్య చేరిన కొత్తలో ఉద్యోగ విరమణకు దగ్గరపడ్డ పెద్ద గుమాస్తా ఆవిడకు నేర్పి వెళ్లాడు. ఒకసారి జాబితాలోకి ఎక్కిన అంశాన్ని ఎప్పుడూ తీసెయ్యకూడదు. తీసేస్తే జనం ఒంటికాలి మీద లేస్తారు. తీసెయ్యకుండా మాట మార్చాలి. పని జరిగేదైతే ‘మంజూరైంది’. జరగదని తేలిపోతే ‘పరిశీలనలో ఉంది’. అడిగేవాళ్లు కూడా తగ్గిపోతే ‘ప్రయత్నం కొనసాగుతోంది’. అడిగేవాళ్లు చచ్చిపోతే ‘ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్లడమైనది’. రైల్వే గేటు మీద వంతెన ఆవిడ ఉద్యోగంలో చేరకముందు నుంచే దృష్టికి వెళ్తూనే ఉంది. పందొమ్మిదేళ్లలో మంజూరు నుంచి పరిశీలనకు దిగిన అంశం ఒక్కటైనా మళ్లీ పైకెక్కడం ఆవిడ చూడలేదు.

ఆవిడ దీన్ని పాపమనీ అనుకోలేదు, గొప్పనీ అనుకోలేదు. కూరగాయలవాడు తడిగుడ్డ కప్పడం లాంటిదే అనుకుంది. పైగా ఆ మాటలతో ఆవిడకు చనువు కూడా ఉండేది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ముప్ఫై ఏళ్లప్పుడు ‘పరిశీలనలో ఉంది’ అనేది, నలభై దాటాక ‘ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్లాం’ అనేది. అడిగినవాళ్లు నవ్వి ఊరుకునేవారు. ఆవిడకు కావలసిందీ అదే.

ఇలా మాటలతో ఆడుకునే మనిషి ఒక్కచోట మాత్రం ఆడుకోలేకపోయింది. అది తమ్ముడి దగ్గర.

తమ్ముడు ఆవిడకంటే పదకొండేళ్లు చిన్న. అమ్మ పోయాక ఆవిడే పెంచింది, ఆవిడే మోటార్లు వైండింగ్ చేసే మేస్త్రీ దగ్గర పనికి పెట్టింది, ఆవిడే పిల్లని చూసి పెళ్లి చేసింది. కాలిపోయిన మోటారుని విప్పి, నల్లబడ్డ తీగంతా లాగేసి, కొత్త రాగితీగ చుట్టడంలో వాడి చెయ్యి పెట్టింది పేరు. మూడేళ్ల కిందట వాడి కాళ్లు వాచాయి. తర్వాత మొహం వాచింది. రెండు కిడ్నీలూ పోయాయని పెద్దాసుపత్రిలో తేల్చారు. అప్పట్నించీ సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. ఊళ్లో ఆసుపత్రి ఉంది గానీ ఆ మిషన్లు లేవు. పొద్దున్నే అయిదుంపావు బస్సెక్కి రెండున్నర గంటలు ప్రయాణం చెయ్యాలి, నాలుగ్గంటలు మిషన్ కింద పడుకోవాలి, ఇంకో రెండున్నర గంటలు ఒళ్లు తేలిపోతుంటే వెనక్కి రావాలి. వచ్చిన సాయంత్రం పడుకోవడం తప్ప మరేం చేతకాదు. మర్నాడు కాస్త మనిషవుతాడు. ఆ మర్నాడు మళ్లీ బస్సు.

మొదటి ఏడాది చివర్లో ఒకసారి వాడు బస్సు దిగి ఇంటికి రాకుండా స్టాపులోనే బెంచీ మీద కూర్చుండిపోయాడు. అక్కయ్య వెళ్లి భుజం పట్టుకుంది.

“ఇదంతా ఎందుకక్కా,” అన్నాడు వాడు. “జబ్బు పెడుతున్న కష్టం కాదు, ఈ బస్సుది. ఏదో ఒకరోజు ఎక్కను, చూడు.”

మర్నాడు ఆఫీసులో ఉత్తరం కూర్పు జరుగుతుంటే, అన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. ఎవరినీ అడగకుండా పదో అంశం తానే రాసింది: ‘మన ఆసుపత్రిలో డయాలసిస్ కేంద్రం: ప్రయత్నం కొనసాగుతోంది.’ ఏ ప్రయత్నమూ లేదు. టైర్ల సారు ప్రూఫు చదువుతూ అక్కడ ఆగి, ఆవిడ మొహం చూసి, “మంచిదే, ఉండనివ్వండి,” అన్నారు.

చిత్రమేమిటంటే ఆ అబద్ధం కాళ్లు తెచ్చుకుని నడిచింది. ఊళ్లో వాడొక్కడే కాదు, ఇంకో పదహారుమంది అదే బస్సులో అదే అవస్థ పడుతున్నారు. ఉత్తరం చదివి వాళ్ల ఇళ్లవాళ్లు ఆఫీసుకు రావడం మొదలుపెట్టారు. ఎక్కడిదాకా వచ్చింది సార్, ఎప్పుడు పెడతారు సార్ అని ఊపిరి సలపనివ్వలేదు. ఆ పోరు పడలేక సారు నిజంగానే ఆరోగ్య మంత్రి చుట్టూ తిరిగారు. అంశం పది నుంచి ఏడుకొచ్చింది, ఏడు నుంచి మూడుకొచ్చింది. ఆర్నెల్ల కిందటి ఉత్తరంలో మొట్టమొదటి అంశంగా అక్కయ్య స్వయంగా టైపు చేసింది: ‘డయాలసిస్ కేంద్రం, నాలుగు మిషన్లతో మంజూరైంది.’ ఆర్డరు నకలు కళ్లారా చూసి మరీ టైపు చేసింది. ఆసుపత్రి వెనక గదికి తెల్ల టైల్స్ కూడా పరిచారు. తమ్ముడు బస్సు దిగి వస్తూ వస్తూ ఆ గది కిటికీలోంచి తొంగిచూసి వచ్చేవాడు. “మిషన్లొచ్చేదాకా లాగేస్తానక్కా,” అనేవాడు. లాగుతూనే ఉన్నాడు.

ఈసారి సమావేశాలు ముగిసిన మూడోరోజు మధ్యాహ్నం సారు రాజధాని నుంచి తిరిగొచ్చారు. మొహం కడుక్కుని, అక్కయ్య బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“ఇంటి పన్ను సగానికి సగం తగ్గిందమ్మా. మూడు గదుల లోపు ఇళ్లన్నిటికీ. పెద్ద అక్షరాల్లో వెయ్యండి,” అన్నారు.

మొదటి పేజీ గంటలో అయిపోయింది. దరఖాస్తు ఎక్కడ దొరుకుతుంది, గడువెప్పుడు, అద్దెకున్నవాళ్లకు వర్తిస్తుందా, అన్నీ వచ్చాయి. జనానికి నిజంగా పనికొచ్చే కబురు రాయడం ఆవిడకు అరుదుగా దొరికే సంతోషం. ఆ ఊపులోనే రెండో పేజీ తెరిచింది.

“డయాలసిస్ మిషన్లు ఏ నెలలో వస్తాయో చెబితే అది కూడా వేసేస్తాను సార్.”

సారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. శుభ్రంగానే ఉన్న కళ్లజోడది.

“దాన్ని కాస్త కిందకి దించండమ్మా.”

“ఎన్నో నంబరుకి?”

“ఆరో, ఏడో. మీ ఇష్టం.”

“నంబరు సరే సార్. ఏమని వెయ్యమంటారు?”

“పరిశీలనలో ఉందని వెయ్యండి,” అన్నారు.

ఆ మాట తన మీదే ఇంకొకరు వాడగా వినడం అక్కయ్యకు అదే మొదలు. ఎందుకని అడిగింది. సారు దాచలేదు. ఇంటి పన్నులో పదో వంతు చిన్న ఊళ్ల ఆసుపత్రుల ఖాతాకు వెళ్లేదట. పన్ను సగమయ్యాక ఆ వాటా పాత ఖర్చులకే చాలదట. కొత్తగా మొదలుపెట్టాల్సినవి రాష్ట్రమంతటా ఇరవై మూడు ఉంటే, అన్నీ ఆపేశారు. మన గది అందులో ఒకటి.

“ఇది మీకు ముందే తెలుసా సార్?”

“బిల్లు కాగితాల్లో చివరి పేజీలో ఉంది. చదివాను.”

“చదివి?”

“చెయ్యెత్తాను.” ఆయన పటం వైపు చూస్తూ చెప్పారు. “ఎత్తకపోతే ఏమవుతుంది చెప్పండి. నేనొక్కణ్ణి చేతులు ముడుచుకు కూర్చున్నా బిల్లు పాసయ్యేది. పన్ను తగ్గిస్తుంటే అడ్డుపడ్డాడని ఊళ్లో నా మొహాన ఉమ్మేసేవాళ్లు. పార్టీవాళ్లు వచ్చేసారి ఇంకొకణ్ణి చూసుకునేవాళ్లు. ఆ వచ్చినవాడు మిషన్లు తెస్తాడా?” తర్వాత, “మీ తమ్ముడు నాకు తెలుసమ్మా. నా షాపు కంప్రెసర్ మోటారు చుట్టింది అతనే. చెయ్యెత్తేటప్పుడు కూడా గుర్తొచ్చాడు,” అన్నారు.

గుర్తు రాకపోయినా బాగుండేది అనుకుంది అక్కయ్య. మరిచిపోయి చేసిన మనిషి మీదైతే కసితీరా కోప్పడవచ్చు. గుర్తుపెట్టుకుని చేసినవాడి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో ఆవిడకు తెలియలేదు. అయినా వచ్చింది. ఒళ్లు మండిపోయింది. కానీ పందొమ్మిదేళ్ల ఉద్యోగం నోరు కట్టేసింది. సారు లోపలి గదిలోకి వెళ్లాక ఆవిడ ‘డయాలసిస్ కేంద్రం: రద్దయింది’ అని టైపు చేసి చూసుకుంది. అలాంటి మాట ఈ ఉత్తరంలో ఎప్పుడూ పడలేదు. ప్రూఫులో సారు కొట్టేస్తారు, కొట్టెయ్యకపోతే ప్రెస్సువాడే ఫోన్ చేసి ‘అచ్చుతప్పు పడినట్టుందండీ’ అంటాడు. చెరిపేసింది. ఆరో అంశంగా ‘పరిశీలనలో ఉంది’ అని వేసింది. పన్నెండు వేల ప్రతులు అచ్చయ్యాయి.

ఆదివారం పొద్దున బడి హాల్లో సభ. ప్రతి సమావేశాల తర్వాతా సారు జనాన్ని పిలిచి ఉత్తరాన్ని తానే చదివి వినిపిస్తారు. ఎప్పుడూ సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఈసారి పన్ను తగ్గిందన్న కబురు ముందే పాకడంతో కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. తమ్ముడూ మరదలూ మూడో వరసలో కూర్చున్నారు. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మెడ దగ్గర చొక్కా వదులైపోయి, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది.

సారు మొదటి పేజీ చదువుతుంటే చప్పట్లు మిన్నంటాయి. ‘సగానికి సగం’ అన్నచోట రెండోసారి చదవమన్నారు. ఆయన చదివారు. తమ్ముడు కూడా చప్పట్లు కొట్టాడు. ఎడం చేతికి సూదులు గుచ్చే చోటు నొప్పి కాబట్టి కుడిచేత్తో తొడ మీద కొట్టాడు. వాళ్లది రెండు గదుల ఇల్లు. వాడికీ తగ్గింది.

రెండో పేజీకొచ్చేసరికి జనం దరఖాస్తుల బల్ల వైపు మెడలు తిప్పేశారు. ఆ బల్ల దగ్గర నిలబడ్డది అక్కయ్యే. సారు అంశాలన్నీ గబగబా చదివేశారు. అయిపోయిందనుకునేలోగా మందుల షాపాయన లేచి నిలబడ్డాడు.

“డయాలసిస్ సంగతి, సార్. పోయిన ఉత్తరంలో అదే మొదటిది కదా. మంజూరైందన్నారు.”

హాలు కాస్త సద్దుమణిగింది. సారు ఉత్తరంలోకి చూశారు, అక్కడ ఇంకేదో రాసుంటుందన్నట్టు. “పరిశీలనలో ఉందండి,” అన్నారు. అని, అలవాటు కొద్దీ అనేశారు, “వివరాలు అక్కయ్య గారికి తెలుసు.”

వందల మొహాలు ఆవిడ వైపు తిరిగాయి. వాటిలో తమ్ముడి మొహం ఒకటి. మందుల షాపాయన అడిగింది చిన్న ప్రశ్న. ‘ఆపేశారు’ అంటే సరిపోయేది, ఒక్క మాట. ఆవిడ గొంతులోకి ఆ మాట వచ్చింది కూడా. కానీ అన్నేళ్లు ఒకే దారిన నడిచిన నోరు ఆ దారినే పోయింది.

“అవునండి. పరిశీలనలో ఉంది,” అంది.

మందుల షాపాయన కూర్చున్నాడు. సారు చెబితే నమ్మనివాళ్లు కూడా అక్కయ్య చెబితే నమ్ముతారు. తమ్ముడు పక్కనున్నాయనకు ఏదో వివరిస్తూ తలాడించాడు, మా అక్క చూసుకుంటుందిలే అన్నట్టు. తర్వాత వరసలో నిలబడి, తన వంతు రాగానే దరఖాస్తు తీసుకుని, అక్క పెన్నుతోనే సంతకం పెట్టి వెళ్లాడు.

మధ్యాహ్నం ఆవిడ వాళ్లింటికి వెళ్లేసరికి భోజనాలయ్యాయి. వాడికి నీళ్లు కొలిచి ఇవ్వాలి కనక మరదలు చిన్న గ్లాసు చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది. వాడు మంచం మీద దిండుకి ఆనుకుని, ఉత్తరం ఒళ్లో పెట్టుకుని, గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. హుషారుగా ఉన్నాడు.

“నేనొకటి ఆలోచించానక్కా,” అన్నాడు. “మంజూరన్నప్పుడు ఆర్నెల్లు అనుకున్నాం. ఇప్పుడు పరిశీలన అంటున్నారు కాబట్టి ఇంకో ఏడాది వేసుకుందాం. ఏడాది పాటు వారానికి మూడుసార్లు ఆ బస్సు నా వల్ల కాదు. రెండుసార్లు వెళ్తాను. బుధవారం మానేస్తాను. మిషన్లు ఇక్కడికే వచ్చాక కావాలంటే నాలుగుసార్లైనా పడుకుంటాను.”

“డాక్టరమ్మ మూడుకి తగ్గకూడదంది వదినా,” అంది మరదలు. “తగ్గిస్తే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరతాయంది. నేను చెబితే వినడం లేదు. మీరైనా చెప్పండి.”

“ఏడాదే కదే,” అన్నాడు వాడు పెళ్లాంతో. “గడువున్నదానికి ఓర్చుకోవచ్చు.”

అక్కయ్య మంచం పట్టె మీద కూర్చుంది. పరిశీలన అన్న మాటకు వాడు ఏడాది అని వెల కట్టాడు. ఆ లెక్క మీద వారానికొక రోజు కోసుకుంటున్నాడు. ఊరుకుంటే, రాని మిషన్ల కోసం ఒళ్లంతా నీళ్లు నింపుకుని ఎదురు చూస్తాడు. చెబితే, ఆనాడు బెంచీ మీద అన్న మాటే మళ్లీ అంటాడేమో. రెండూ ఆవిడకు కనిపిస్తూనే ఉన్నాయి. హాల్లో పెగలని నోరు ఇక్కడ పెగిలింది.

“అవి రావురా,” అంది.

“ఏవి?”

“మిషన్లు. ఏడాదికి కాదు, రెండేళ్లకి కాదు. డబ్బులు ఆపేశారు. పన్ను తగ్గించినందుకు అక్కడ కోత పెట్టారు.”

వాడు ఉత్తరం ఎత్తి చూశాడు. “పరిశీలనలో ఉందని రాసుంది కదా.”

“జరగదని తెలిసినవాటికి అలాగే రాస్తాం.”

“ఎవరు?”

“నేనే.”

వాడు ఉత్తరాన్ని వేలు పెట్టి మళ్లీ చదివాడు, మొదటి అంశం నుంచి. “మార్కెట్టు కప్పు?” అన్నాడు.

“రాదు.”

“రైల్వే గేటు వంతెన?”

“అది ఎప్పుడో పోయింది.”

వాడికి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాడు, దగ్గొచ్చేదాకా. మరదలు వీపు రాసింది. దగ్గు తగ్గాక, “మరి ఆర్నెల్ల కిందట మంజూరైందని రాశావు, అది కూడానా?” అన్నాడు.

“అది నిజంరా. ఆర్డరు నేను చూశాను. అప్పుడు నిజంగానే వచ్చింది.”

“నిజమైనదాన్నే నమ్మానన్నమాట, పోన్లే,” అన్నాడు. కోపంగా అనలేదు. అలా అన్నా ఆవిడకు కాస్త ఊపిరాడేది.

“నేను చెప్పింది ఎందుకంటే, రెండుకి తగ్గించొద్దని,” అంది అక్కయ్య. తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినిపించింది. “మూడుసార్లూ వెళ్లాలి నాన్నా. అవి వస్తాయని ఇక్కడ కూర్చోకు. నేను కూడా వస్తాను బస్సులో, బుధవారాలు సెలవు పెడతాను. విన్నావా?”

“విన్నానక్కా.”

వాడు ఉత్తరాన్ని మడతల ప్రకారం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. పెరట్లో ఎవరిదో కోడి అరుస్తుంటే అటు చూశాడు కాసేపు. తర్వాత పెళ్లాం వైపు తిరిగి, మామూలుగా, ఎప్పుడూ చెప్పే మాటలా చెప్పాడు.

“రేపు పొద్దున నన్ను లేపకు.”

మరదలు వదిన వైపు చూసింది. ఆ చూపులో ఏడుపు కంటే నిష్ఠూరమే ఎక్కువుంది. చెప్పమన్నది తనే, ఇది చెప్పమనలేదు. అక్కయ్య సాయంత్రందాకా అక్కడే కూర్చుంది. కోప్పడింది, బతిమాలింది, అమ్మ మీద ఒట్టు పెట్టింది, ఒట్టు తీసేసింది. వాడు దేనికీ ఎదురు చెప్పలేదు. అన్నిటికీ ‘సరే’ అన్నాడు. ఆ సరే ఎలాంటిదో పసిపిల్లకైనా అర్థమవుతుంది. చివరికి, అలసిపోయానక్కా, పడుకుంటాను అంటే లేచి వచ్చేసింది.

సోమవారం అయిదు గంటలకే ఆవిడ బస్సు స్టాపులో ఉంది. చేతిలో వాడి ఆసుపత్రి సంచి. రాత్రే మరదలు తెచ్చి ఇచ్చింది, మీ చేతిలో ఉంటే వస్తాడేమో అని. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. మిగతా పదహారుమందిలో సోమవారాలు ఈ బస్సుకు వచ్చే ఆరుగురూ వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. వాళ్లలో సభకు వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. “పరిశీలన తొందరగా అయ్యేలా చూడండక్కయ్య గారూ,” అన్నాడు ఒక ముసలాయన, చేతులు జోడించి. ఆవిడ తలూపింది.

బస్సు అయిదుంపావుకే వచ్చింది. ఆరుగురూ ఒకరి చెయ్యి ఒకరు అందుకుంటూ ఎక్కారు. డ్రైవరు వెనక సీటు వాళ్లెవరూ కూర్చోకుండా వదిలేశారు, అది తమ్ముడిదని. కండక్టరు కిందకి దిగి సందులోకి తొంగిచూశాడు.

“మోటార్లాయన రాలేదేంటమ్మా?”

“వస్తున్నాడు,” అంది ఆవిడ.

ఆవిడ నిలబడ్డ చోటి నుంచి సందు చివరిదాకా కనిపిస్తుంది. వాళ్లింటి తలుపు కూడా కనిపిస్తుంది. వేసే ఉంది. కండక్టరు రెండు నిమిషాలు ఆగాడు. డ్రైవరు ఇంజను ఆపేసి మళ్లీ వేశాడు. లోపల ఎవరో, పన్లకెళ్లేవాళ్లు, విసుక్కున్నారు. ముసలాయన వాళ్లను కసిరాడు. ఇంకో మూడు నిమిషాలు ఆగారు. ఆవిడ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. పరిగెత్తి వెళ్లి తలుపు బాదాలనుకుంది. బాదితే మరదలు తీస్తుంది, వాడు లేవడు. అంతకంటే ఆవిడ చెయ్యగలిగింది ఏదీ లేదు.

కండక్టరు మంచివాడు. మూడేళ్లుగా ఆ సీటు వాడి కోసం ఆపినవాడు. తనంతట తాను గంట కొట్టలేక ఆవిడ దగ్గరికొచ్చాడు.

“అక్కడ వీళ్లకి మిషన్ టైము దాటిపోతుందమ్మా. మీరు ఆగమంటే ఆగుతాను,” అన్నాడు.

ఆవిడ బస్సు కిటికీల్లోంచి తన వైపే చూస్తున్న ఆరు మొహాలనూ చూసింది, సందు వైపు చూసింది.

“పోనివ్వండి,” అంది.